తలుపు పక్కన చోటు

మా ఎదురు ఫ్లాటు టీచరమ్మగారు పోయారు. కబురు అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో వచ్చింది, నీళ్ళ ట్యాంకరు ఆలస్యమన్న మాటకీ లిఫ్టు రిపేరుకీ మధ్యలో. చదివాక కూడా, అలవాటు కొద్దీ వాళ్ళ తలుపు చప్పుడు కోసం చెవి ఒగ్గే ఉన్నాను.

ఖాజాగూడలో మా వీధి చివరి సర్కారు బడిలోనే ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. చుట్టూ టవర్లు లేస్తున్నంతకాలం కూలీల పిల్లలతో ఆ బడి నిండుగా ఉండేది. గృహప్రవేశాలు మొదలయ్యాయంటే ఖాళీ అయ్యేది. ఏ పిల్ల ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? అందుకే ప్రతి తరగతిలోనూ తలుపు పక్క చోటు ఎవరికీ ఇవ్వనిచ్చేవారు కాదు. "నడిమిట్ల వచ్చిన పిల్ల అందరి ముంగట నిలబడి సిగ్గుపడొద్దు. రాంగనే కూసోవాలె" అనేవారు.

నాతో మెట్లెక్కుతూ మా బిల్డింగు గోడలు చూపించేవారు. ఇది మా బడిపిల్ల యాదమ్మ వాళ్ళ నాయన కట్టింది, అదిగో ఆ టైల్స్ ఫలానా పిల్లాడి మేనమామ వేసినవి అంటూ. నా పడగ్గది గోడకి ఎవరి అమ్మ ఇటుకలు మోసిందో కూడా ఓసారి చెప్పారు. ఆ పూట నుంచి ఆ గోడకి వీపు ఆనించి కూచోలేకపోతున్నాను.

పిల్లలు తగ్గారని సర్కారువాళ్ళు ఆ బడిని ఒక సంస్థకి అప్పగించి, ఫీజులు పెట్టి నడిపిస్తామన్నారు. సంస్థ మనిషి మా అసోసియేషన్ హాల్లో మీటింగు పెట్టాడు. మర్యాదస్థుడే పాపం. శుభ్రమైన బాత్రూములు, రోజూ వచ్చే టీచర్లు అన్నాడు. ఆవిడ కాదనలేదు. తమ హయాంలో నల్లా నీళ్ళు కూడా సరిగ్గా రాలేదని ఒప్పుకున్నారు. చివర్లో లేచి ఒక్కటే అడిగారు.

"నడిమిట్ల వచ్చిన పిల్లను యాడ కూసోవెడ్తరు సార్?"

జూన్‌తో అడ్మిషన్లు అయిపోతాయనీ, సీటు ఖాళీగా ఉంచుకుంటే నష్టమనీ అన్నాడతను. అబద్ధమేం చెప్పలేదు. లాభం చూసుకునేవాడు ఖాళీ చోటు ఎందుకు ఉంచుతాడు? నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

బడి చేతులు మారింది. గేటు దగ్గర వెనక్కి పంపిన పిల్లలు ఆవిడ ఇంటికి రావడం మొదలెట్టారు. ఆవిడ రోజూ పొద్దున్నే తమ హాల్లో చాప దులిపి పరిచేవారు. అక్కడా తలుపు పక్క కొంత జాగా వదిలేవారు.

ఇప్పుడు ఆ ఫ్లాటుకి తాళం. అయినా పొద్దున్నే చాప దులిపిన చప్పుడు వినిపిస్తుంది. తలుపు తీస్తే కారిడార్లో ఎవరూ ఉండరు. నాకేదో అవుతోందని భయమేసింది కూడా.

నిన్న తలుపు తీసేసరికి, తాళమేసిన ఆ గుమ్మం ముందు సిమెంటు దుమ్ము పట్టిన చిన్న చెప్పులు వరసగా విడిచి ఉన్నాయి. ఇద్దరు ఆడపిల్లలు గోడవార పలకలతో కూచున్నారు. టీచర్ లేరమ్మా అన్నాను. తెలుసన్నారు. కిటికీలోంచి ఎండ వాళ్ళ మొహాల మీద పడుతోంది. నీడకి, టీచరమ్మగారి తలుపు పక్కకి జరగమన్నాను.

పెద్దది తల అడ్డంగా ఊపింది.

"గాడ ఒద్దు ఆంటీ. అది కొత్తగ వచ్చేటోళ్లది."

ఆఫీసు బ్యాగు దగ్గరికి పట్టుకుని, ఆ ఖాళీ చోటు తొక్కకుండా మెట్లు దిగాను.