కోత పండుగకు మూడు ఖాళీ గోనెలు

రాజమండ్రి బస్టాండులో ఆ శనివారం తెల్లవారకముందు ఉన్నవి: ఒక రెక్సిన్ సంచి, అందులో రెండు జతల బట్టలు, అమ్మ కట్టిచ్చిన పులిహోర, అత్తయ్యకు ఒక నేత చీర, నా నూరడుగుల టేపు, సంచి పక్కన మూడు ఖాళీ గోనెలు. ఉన్నవారు: నేను, నన్ను సాగనంపడానికి వచ్చిన నాన్నగారు. టేపు దేనికని ఆయన అడిగారు. పాలిటెక్నిక్‌లో సివిలు డిప్లమా పూర్తిచేసి, ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేరి, మొదటి జీతంతో కొనుక్కున్న టేపు అది. దాన్ని ఇంట్లో వదిలి ఎక్కడికీ వెళ్లేవాణ్ణి కాదు. గోనెలు దేనికని నేను అడగలేదు. అవి నాన్నగారు తెచ్చారు.

మార్తమ్మ అత్తయ్య నాన్నగారి అక్క. రాజోలు దాటాక సఖినేటిపల్లి వెళ్లే దారిలో, వశిష్ఠ గోదావరి పక్కన, ఏరు మేటవేసిన ఒక లంక ఊళ్లో ఉంటుంది. మావయ్య అక్కడి మిషను బడిలో మేష్టరుగా పనిచేసి పోయారు. పిల్లలు లేరు. ఒక పెంకుటిల్లు, ఇంటి వెనక అరవై సెంట్ల లంక నేల, అందులో కంద, అరటి, అంచున కొబ్బరిచెట్లు. ఏటా క్రిస్మసు ముందు ఆవిడ పంపే కంద బస్తా మా వీధిలో సగం ఇళ్లకు చేరేది. ఆ ఏడు, అంటే 1981లో, బస్తాకు బదులు కబురు వచ్చింది. కొబ్బరి లారీ తోలుకొచ్చిన వాళ్ల ఊరి డ్రైవరు మా గుమ్మంలో నిలబడి చెప్పాడు.

“కోత అయిపోయిందండి. కోత పండక్కి అబ్బాయిగారిని పంపమన్నారండి మార్తమ్మగారు.”

పండినదానిలో మొదటి భాగం గుడికి తెచ్చి, దేవునికి కృతజ్ఞత చెప్పి, తెచ్చినవాటిని అక్కడే వేలం వేసే పండుగ అది. మా సంఘాల్లో క్రిస్మసు తరవాత అంతటిది. కోత అయిపోయిందంటే పంట ఇల్లు చేరిందని నాన్నగారు లెక్కవేశారు. అందుకే మూడు గోనెలు.

అయిదుంబావుకు అమలాపురం బస్సు కదిలింది. జొన్నాడ దగ్గర తెల్లవారింది. వంతెన మీద ఉన్నంతసేపూ గౌతమి కనిపించలేదు, మంచే కనిపించింది. రావులపాలెంలో అరటి గెలలు టాపు మీదికి ఎక్కించడానికి చాలాసేపు ఆపారు. ఈ దారిన వెళ్లదలచినవారు ఎడమ కిటికీ పట్టుకోవడం మంచిది. ఉదయపు ఎండ తగులుతుంది గాని డిసెంబరులో అది లాభమే. కొత్తపేట దాటాక రెండు పక్కలా కొబ్బరి నీడలు, మధ్యలో కాలువ, కాలువలో బాతులు. ఎనిమిదికి అమలాపురంలో దిగి, బస్టాండు ఎదుటి హోటల్లో పెసరట్టు, ఉప్మా, కాఫీ తీసుకున్నాను. మూడూ బాగున్నాయి. పులిహోర అలాగే ఉంది.

ఎనిమిదీ నలభైకి రాజోలు బస్సు. అంబాజీపేటలో నా పక్కన ఒక కొబ్బరి వర్తకుడు ఎక్కాడు. తెల్ల పంచె, భుజాన కండువా, చేతిలో గొడుగు. కూర్చున్న రెండు నిమిషాలకే నా ఒడిలోని గోనెల సంగతి అడిగాడు. చెప్పాను. ఏ ఊరని అడిగాడు. అదీ చెప్పాను. ఆయన గొడుగును ఒక మోకాలి మీదనుంచి ఇంకో మోకాలి మీదికి మార్చాడు.

“లంకలో కోతేంటండీ బాబూ. కందని కోస్తారా? తవ్వుతారు గానీ.”

ఆ మాట మాకెవరికీ తట్టలేదు. పట్నంలో ఉండేవాళ్లకు పంట ఏదైనా కోతే.

“కోతంటే గోదారి కోతండి” అన్నాడాయన, ఈసారి మెల్లగా. “వరద తీసేక అడుగున ఇసక జారిపోయి ఒడ్డు పెళ్లలు పెళ్లలుగా దిగిపోయింది. నాకు కాయ వేసే తోటలు రెండు ఏట్లో కలిసిపోయేయి. మేష్టారి భార్యగారి చేనూ పోయిందనే విన్నానండి. ఆయ్.”

గన్నవరం అక్విడక్టును చూడాలని చదువుకునే రోజులనుంచి నా కోరిక. కింద నది పారుతుంటే పైన కాలువను దాటించిన కట్టడం. బస్సు దాని మీదుగా వెళ్లినంతసేపూ నేను గోనెలు చూస్తూ కూర్చున్నాను. రాజోలు చేరేసరికి నా మనసులో ఒక ఏర్పాటు తయారైంది: అత్తయ్యను రాజమండ్రి తీసుకుపోవాలి. నూతి పక్క గది ఖాళీ చేస్తే మంచం, పెట్టె పడతాయి. నాన్నగారు కాదనరు. మంగళవారం దాకా సెలవుంది. అంతలో సామాను కట్టేయవచ్చు.

రాజోల్లో టీ తాగి సఖినేటిపల్లి బస్సు ఎక్కాను. పదకొండున్నరకు ఏటిగట్టు మీద దింపారు. గట్టు పక్కనే సున్నం వేసిన చిన్న గుడి. వాకిట్లో పండుగకు కొబ్బరాకుల పందిరి వేస్తున్నారు. గుడినుంచి లంకలోకి కాలిబాట దిగుతుంది. ఆ బాట మీద నాకు అర మైలు. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు కాబట్టి ఆవిడకు అది ఇంకా ఎక్కువే. ఆదివారం ఎంత ముందు బయల్దేరినా ఆవిడ రెండో పాట మొదలయ్యాకే గుళ్లో అడుగు పెడుతుందని, అందుకే ఊళ్లో రెండో పాటకు మార్తమ్మగారి పాట అని పేరు పడిందని నాన్నగారు చెబుతుండేవారు.

అత్తయ్య అరుగు మీద కూర్చుని చింతపండు పిసుకుతోంది. నన్ను చూడగానే ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదంది. తరవాత గోనెల వైపు చూసింది. చింతపండు చేత్తోనే నోరు మూసుకుని నవ్వింది.

“మూడా! మా తమ్ముడికి ఆశ పోలేదురా.”

“కోత అయిందని కబురు పెట్టావు కదత్తయ్యా.”

“కోతా అయింది, పండగా ఉంది. రెండూ నిజమే. ఏడుస్తా కబురు పెడితే మీ నాన్న లారీ కట్టించుకొచ్చి నన్ను సామానుతోపాటు ఎక్కించేస్తాడు.”

ఇంటి వెనక్కి వెళ్లి చూశాను. కంద లేదు, అరటి లేదు, చేను లేదు. ఒండ్రుమట్టి కోసిన రొట్టెలా తెగి, కింద నీళ్లు నిదానంగా పోతున్నాయి. అంచున ఒకే ఒక కొబ్బరిచెట్టు ఏటి మీదికి వంగి, గెలలతో సహా నిలబడి ఉంది. చేతనైన పని చేశాను. టేపు తీసి కొలిచాను. వెనక అరుగు అంచునుంచి ఒడ్డు అంచుకు ముప్పై ఒక్క అడుగులు.

భోజనంలోకి పక్కింటివాళ్లు ఇచ్చిన కందతో పులుసు, చిన్నచేపల వేపుడు, నా పులిహోర. తింటూ నా ఏర్పాటు మొత్తం చెప్పాను, నూతి పక్క గది కొలతలతో సహా. అత్తయ్య ప్రతి మాటకూ “ఆయ్” అంది. ఆ ఊళ్లలో ఆయ్ అంటే సరే అని అర్థం. కొన్నిసార్లు విన్నానని మాత్రమే అర్థం. ఏదో తేల్చుకోలేక, నీకు దిగులుగా లేదా అని అడిగాను.

“లేకేం. మొదటి పెళ్ల పడిన రాత్రి దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చేను” అంది, నా విస్తట్లో ఇంకో చేప వేస్తూ. “ఉన్నదాంతో దేవుణ్ణి స్తుతించడం మీ మావయ్య పోయినప్పుడే నేర్చేసుకున్నాననుకున్నాను. ఈతైతే ఒకసారి వస్తే పోదురా. ఇది అలాక్కాదు. వరద వచ్చినప్పుడల్లా మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. ఈసారి నెల్లాళ్లు పట్టింది. ఇప్పుడు తేలుతున్నాను. ముందు పండగ కానీ, తరవాత చూద్దాం నీ గది సంగతి.”

ఆదివారం తెల్లవారుతుండగా పెద్ద చప్పుడైంది. లేచి వెళ్లేసరికి కొబ్బరిచెట్టు ఏట్లో పడి ఉంది. వేళ్లు ఒడ్డున, తల నీళ్లలో. అత్తయ్య లాంతరు పట్టుకుని వచ్చి, దాన్ని ఎత్తి చెట్టును మొదలునుంచి తలదాకా చూసింది. అది మావయ్య నాటిన చెట్టని నాకు తెలుసు. తరవాత ఆవిడ, దింపేవాడు దొరక్క రెండు నెలలుగా కాయ చెట్టునే ఉండిపోయిందని, దేవుడే దింపించాడని అంది. పక్కింటి ఇద్దరు పడవేసుకుని వెళ్లి గెలలు నరికి తెచ్చారు. నేను మళ్లీ కొలిచాను. ఇరవై ఆరు అడుగులు. ఆ అంకె ఆవిడకు చెప్పలేదు.

తొమ్మిదికి ఆరాధన. ఎనిమిదికే బయల్దేరాం. నా భుజం మీద నీళ్లోడుతున్న కొబ్బరి గెల. అత్తయ్య కొత్త చీర కట్టుకుని, బాట పొడవునా ఆగి ఆగి, ఎదురైనవాళ్లందరికీ వందనాలు చెప్పి, వాళ్ల దూడల గురించి కూడా అడిగింది. మేం గుమ్మంలోకి వచ్చేసరికి మొదటి పాట అయిపోయింది. వెనక చాప మీంచి ఎవరో “మార్తమ్మగారు వచ్చేరండి, ఇంకెత్తుకోండి” అన్నారు. నవ్వుల మధ్యే పాట అందుకున్నారు.

బల్ల ముందు కందలు, పెండలాలు, అరటి గెలలు, గుమ్మడికాయలు, ఒక బుట్ట కోడిగుడ్లు, తేగల కట్టలు, కాళ్లు కట్టిన పుంజు. వరద ఏడు కాబట్టి అన్నీ తక్కువేనని నా పక్కాయన చెప్పాడు. ఒక్కొక్కరే తెచ్చింది పెట్టి, లేచి నిలబడి, దేవుడు తమకు చేసిన మేలు సాక్ష్యంగా చెబుతున్నారు. అత్తయ్య వంతు వచ్చింది. నేను గెల దించాను. గచ్చు తడిసింది. ఆవిడ నా భుజం పట్టుకుని నిలబడింది.

“పోయినేడు చేలోంచి తెచ్చేనండి. ఈ ఏడు ఏట్లోంచి తెచ్చేను. ఇచ్చినాయన ఒక్కడేనండి.”

అంతే చెప్పి కూర్చుంది. గుడి గుడంతా స్తోత్రం అంది. నేను కూడా అన్నాను. నాకు అలా పైకి అనే అలవాటు లేదు.

వేలం సంఘపెద్ద దేవదానంగారు వేశారు. ఆయన గొంతుకు మైకు అక్కర్లేదు. కొన్నవాళ్లు కొన్నదాన్ని తిరిగి బల్ల మీదే పెట్టేయడం, దాన్ని మళ్లీ వేలం వేయడం అక్కడి ఆనవాయితీ. ఒక గుమ్మడికాయ మూడు చేతులు మారింది. పుంజు కట్లు తెంచుకుని పాస్టరు అయ్యగారి కుర్చీ కిందికి దూరితే, అది కానుకగా వచ్చింది గాని మారుమనసు పొందలేదన్నారు దేవదానంగారు. అత్తయ్య గెల వంతు వచ్చింది. కొన్నవాడల్లా తెచ్చి బల్ల మీద పెడుతున్నాడు. “ఇది గోదారిలో ఈదింది చాలక గుళ్లో కూడా ఈదుతోందండి” అన్నారాయన. చివరికి నేను వేలం పాడి దక్కించుకున్నాను. తిరిగి ఇవ్వబోతే అత్తయ్య నా చొక్కా పట్టుకు లాగింది. ఒక గోనెకైనా పని కల్పించమంది.

వేలం ముగిశాక దేవదానంగారు గొంతు తగ్గించి ఒక సంగతి చెప్పారు. గుడి పక్కన పాత బడి పాక పడిపోయిన జాగా ఖాళీగా ఉంది. సంఘం పెద్దలందరూ మాట్లాడుకుని అది మేష్టారి ఇంటికి ఇస్తున్నారు. రేపు పొద్దున్నే ఇల్లు విప్పి పైకి మోయాలి, చేతులున్నవాళ్లంతా రావాలి. ఆవిడకు సమ్మతమేనా అని అడిగారు.

“ఆయ్” అంది అత్తయ్య. ఈసారి దాని అర్థం నాకు తెలిసింది. నూతి పక్క గది సంగతి మళ్లీ ఎత్తలేదు.

సోమవారం ఏడుకల్లా ఊరు దిగింది. లంకల్లో ఇల్లు విప్పి మోయడం కొత్త కాదు. ఎవరి పని ఏదో ఎవరూ చెప్పనక్కర్లేదు. ముందు పెంకులు, తరవాత వాసాలు, దూలాలు, తలుపులు. బాట పొడవునా వరస కట్టి పెంకులు చేతినుంచి చేతికి అందించారు. ఆ వరసలో పాటలు కూడా కిందనుంచి పైకి వెళ్లేవి. కింద ఒక చరణం అందుకుంటే పైవాళ్లు అది పాడేసరికి కిందవాళ్లు ఇంకోటి మొదలుపెట్టేవారు. నేను పైన జాగాలో పగ్గంతో మూల మట్టం చూసి, మేకులు కొట్టి, సున్నంతో గీతలు గీశాను. మూలలు నాలుగూ సరిగ్గా వచ్చాయి. అత్తయ్య చుట్టిన చాప మీద కూర్చుని అందరికీ పనులు పురమాయించింది. వంటిల్లు కొంచెం జరపమంటే జరిపాను.

ఇల్లు పూర్తవడానికి ఇంకా వారాలు పడుతుంది. అందాకా ఆవిడ పాస్టరుగారింట్లో ఉంటుంది. అయినా సాయంత్రానికి పాత ద్వారబంధం కొత్త చోట నిలబెట్టారు. అయ్యగారు ప్రార్థన చేశారు. గోడలు లేని గుమ్మంలోంచి అత్తయ్య ఇవతలికి ఒకసారి, అవతలికి ఒకసారి నడిచింది. తరవాత నన్ను పిలిచింది.

“వచ్చిన కాణ్ణించీ ఏటికి ఎంతుందో కొలుస్తానే ఉన్నావు. గుడికి ఎంతుందో కొలవ్వేంరా?”

టేపు రెండో కొస దేవదానంగారు పట్టుకున్నారు. నూరడుగులూ చాలక మధ్యలో ఒక మేకు గుచ్చి, అక్కణ్ణించి గుడి మెట్టుదాకా మళ్లీ పట్టాం. అంకె చెప్పాను. ఆవిడ దాన్ని నా చేత రెండుసార్లు చెప్పించుకుంది.

“గుడి దగ్గర ఇల్లు కావాలని ఎన్నేళ్లో ప్రార్థన చేసేను. ఇలా ఏటి చేత తోయిస్తాడనుకోలేదు.”

“అయితే రెండో పాటకి ఇంకో పేరు వెతుక్కోవాలండి” అన్నారు దేవదానంగారు.

“మొదటి పాటకి పెట్టేయండి” అంది అత్తయ్య.

మంగళవారం పదింటికి బస్సు. నిండిన గోనెలు రెండు: ఒకదాంట్లో ఇరుగుపొరుగులు ఇచ్చిన కంద, ఇంకోదాంట్లో పడిన చెట్టు కాయలు. మూడోది కాళ్లు తుడుచుకోవడానికి గుమ్మంలో పరుచుకుంటానని అత్తయ్య ఉంచేసుకుంది. గన్నవరం అక్విడక్టును ఈసారి తలుపు దగ్గర నిలబడి మరీ చూశాను. అనుకున్నదానికంటే గొప్పగా ఉంది. ఒక నీటి మీదుగా ఇంకో నీటిని మోస్తూ అన్నేళ్లుగా నిలబడి ఉంది. తృప్తి అనేది ఉన్నవాళ్లకు పుట్టుకతో వచ్చే గుణమని నేను అనుకునేవాణ్ణి. అది నేర్చుకునే పని అని, విశ్వాసం ఉన్నవాళ్లు కూడా మునిగి తేలే నేర్చుకుంటారని ఆ మూడు రోజుల్లో చూశాను. కొత్తపేట దాటాక ఎండ తగ్గింది. నా నోట్లో ఇంకా ఆ పాటలే ఆడుతున్నాయి.

నాన్నగారు బస్టాండులో ఉన్నారు. రెండే గోనెలు దిగడం చూశారు. ఈ ఏడు ఎంత వచ్చిందిరా అని అడిగారు.

నూట పద్దెనిమిది అడుగులు అని చెప్పాను.