పోసినంత తిరిగి రాలేదు

"పాణం పోతున్న కొడుకుకు ఇన్ని సబ్జా నీళ్లు పోస్తే నీ సొమ్మేం పోతదే?"

"నా సొమ్ము పోదు, నీ కొడుకే పోతడు. ముంత కింద పెట్టు!"

"మూత్రం బందయితే సలువ చెయ్యాలె. గా మాత్రం తెల్వది, ఆయమ్మవట!"

అది 1959 ఎండాకాలం. కరీంనగర్‌లో ఒక దవాఖానలో నేను ఆయాను. నాతో కొట్లాడుతున్నది లసుమవ్వ, నేతపని చేసే రాజమల్లు తల్లి. చేతిలో ఉన్న చీర పూర్తయ్యేదాకా గుంటమగ్గం నుంచి లేవకూడదని మావైపు నేతగాళ్లకు ఒక పంతం. రాజమల్లు పొద్దంతా మూత్రం ఆపుకొని కూర్చున్నాడు. లేచేసరికి కాళ్లు తిమ్మిరెక్కి, బట్ట చుట్టే దూలానికి పొత్తికడుపు గట్టిగా కొట్టుకునేలా పడ్డాడు.

ఆ తర్వాత మూత్రం రాలేదు. లసుమవ్వ బొడ్డు మీద తడిబట్ట వేసి, రెండు రోజులు సబ్జా నీళ్లు, జీలకర్ర నీళ్లు తాగిస్తూనే ఉంది. తాగినకొద్దీ కడుపు ఉబ్బింది.

డాక్టర్ సాబ్ క్యాథెటర్ వేశారు. అంటే మూత్రం తీసే రబ్బరు గొట్టం. లోపల మూత్రం నిండి ఉంటే ధారగా రావాలి. నెత్తురు కలిసిన నాలుగు చుక్కలు వచ్చాయి, అంతే. అప్పుడాయన పది ఔన్సుల సెలైన్, అంటే శుభ్రమైన ఉప్పునీళ్లు, అదే గొట్టంతో లోపలికి పోసి, తిరిగి వచ్చింది కొలత గ్లాసులో నన్ను పట్టమన్నారు. నాలుగు ఔన్సులే వచ్చాయి.

"ఒలకబోసినవా కనకవ్వా?"

"నా చేతుల నూనె సుక్క గూడ ఒలకది సాబ్. మల్ల పోసి సూడుండ్రి."

మళ్లీ పోశారు. ఈసారి ఇంకా తక్కువే.

"మూత్రసంచి పగిలింది. అంతా కడుపులకే కారుతుంది. ఇప్పుడే కోసి కుట్టాలె," అన్నారు.

లసుమవ్వ మంచానికి అడ్డం నిలబడింది.

"తోలుసంచికి చిల్లి వడ్డదనుకో," అన్నాను. "నీళ్లు పోసుకుంట పోతే నిండుతదా? ముందుగాల కుట్టాలె."

"నీ కొడుకయితే కోయనిస్తువా?"

"కోయనిస్త."

మంచం దగ్గర నుంచి పక్కకు జరిగి, ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర వేసింది.

మత్తు ఇచ్చి కడుపు తెరిచారు. లోపల చేరిన మూత్రమంతా తీసి, చిరుగును రెండు వరుసలుగా కుట్టారు. కుట్లు మానేదాకా సంచి నిండకూడదని గొట్టం అలాగే ఉంచారు.

నేను మూడో తరగతి దాటలేదు. రోగాల పేర్లు నాకేం తెలుసు? ఎంత పోశారు, ఎంత వచ్చింది అన్నది ఉన్నదున్నట్టు చెప్పాలి, అంతే. ఒక మనిషి కడుపు కోయడానికి ఆ మాట ఆధారమవుతుందని ఆ రోజే తెలిసింది. తర్వాత చేరిన ఆయాలు కొలత సరిగ్గా చూడకుండా "అందాజ" అని ఉజ్జాయింపుగా చెబితే నా చేత తిట్లు తిన్నారు.

తెల్లవారి మంచం కింది సీసాలో ఇరవై ఔన్సుల మూత్రం ఉంది. ఎరుపు తగ్గింది. రాజమల్లు కళ్లు తెరిచి, "తిన్నవా అవ్వా?" అన్నాడు. లసుమవ్వ తల అడ్డంగా ఊపింది. నా జొన్నరొట్టెలో సగం తుంచి ఇచ్చాను. గోడకు ఆనుకొని కూర్చుని తిన్నది.