తలుపు కొలత

గాల్వెస్టన్‌ అనే రేవు పట్టణంలో ఇరవై ఆరేళ్లుగా స్కూలు బస్సు నడుపుతున్న లవర్న్ భారీ మనిషి. ఈ వేసవిలో చెల్లెలితో కలిసి ఓడలో విహారానికి వెళ్దామని టికెట్ల ఆఫీసుకు వచ్చింది. అక్కడి కుర్చీలన్నీ చేతులున్నవే. వాటిలో ఇరుక్కోవడం ఇష్టంలేక నిలబడే మాట్లాడింది.

"ఓడలో స్నానాలగది తలుపు ఎన్ని అంగుళాలుంటుందమ్మా? భోజనాల దగ్గర చేతుల్లేని కుర్చీలుంటాయా?"

కౌంటర్లోని కెల్సీ కంప్యూటరు వైపు కన్నెత్తి చూడలేదు. లవర్న్ నడుము వైపు చూసి నవ్వింది. "ఇంకా మూడు నెలలుంది కదా మిస్ లవర్న్! రోజూ కాస్త నడిచారంటే ఏ తలుపులోనైనా పట్టేస్తారు. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి!"

ఆ మాట దీవెన కాదని, తేనె పూసిన తిట్టని ఆ ఊళ్లో పసిపిల్లలకూ తెలుసు. లవర్న్‌కి ఒళ్లు మండిపోయింది.

"నీలాంటివాళ్లని ఎన్ని వందలమందిని బడికి చేర్చానో తెలుసా? ఎవరికెంత చోటు కావాలో చూశానే గానీ ఎవరి నడుమూ చూడలేదు. నేనడిగింది తలుపు కొలత. నా కొలత నిన్నెవరడిగారు? ఫోను తీసి ఓడవాళ్లని కనుక్కో. చెప్పేదాకా ఇక్కణ్ణుంచి కదలను."

వెళ్లి గుమ్మం నిండా నిలబడింది. లోపలికి రావలసినవాళ్లు బయటే ఆగిపోయారు. కెల్సీ గబగబా ఫోను అందుకుంది.

"దేవుడు నిన్నూ చల్లగా చూడాలి తల్లీ!" అంది లవర్న్.