దానంతటదే జరిగే టేబుల్

చిక్కడపల్లిలో మా షెడ్డు. అందులో ఇనుము చెక్కే మిల్లింగు మెషిను ఒకటే, దానికి ఒకే ఆపరేటరు, ఇద్దరి మీదా అరవడానికి నేను. రెండువేల పన్నెండు ఎండాకాలంలో ఆ మెషిను టేబుల్ దానంతటదే జరగడం మొదలుపెట్టింది. కట్టర్ తిన్నగా గాడి చెక్కుతుంటే టేబుల్ మధ్యలో వెంట్రుకవాసి అవతలికి పోయేది. గాడి వంకర తిరిగేది.

నారాయణగూడలో అశోక్‌నగర్ కోచింగు పిల్లలకు గైడ్లు అచ్చేసే ప్రెస్సొకటి బ్రాకెట్ విరిగి ఆగిపోయింది. కొత్తది చెయ్యమని మూడు పోత ఇనుప ముక్కలిచ్చారు. రెండు తగలేశాం.

"మూడోదీ పోయిందో, నువ్వు వేరే షెడ్డు చూసుకో" అన్నాను ఆపరేటరుతో. పదకొండేళ్లుగా నా దగ్గరున్న మనిషి. విద్యానగర్‌లో కిరాయి ఇల్లు, ఇద్దరు పిల్లల బడి, అన్నీ ఈ షెడ్డు మీదే నడుస్తున్నాయని తెలిసే అన్నాను. కోపం నా ముక్కు మీదే ఉంటుంది మరి.

"సరే సార్" అన్నాడు.

టేబుల్ జారే స్లైడ్లు విప్పి తుడిచాడు. వాటి మధ్య సందు సరిచేసే జిబ్ పట్టీ బిగించాడు. టేబుల్‌ని నడిపే స్క్రూ, నట్టు చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. టేబుల్‌ని కదలకుండా పట్టి ఉంచే లాకు మాత్రం లేదు. అది విరిగి రెండేళ్లయింది. అతను అడిగినప్పుడల్లా నేను "రేపు" అనేవాణ్ణి.

మర్నాడు టేబుల్‌కి డయల్ గేజి ఆనించాడు. టేబుల్ ఏమాత్రం కదిలినా దాని ముల్లు చెప్పేస్తుంది. మోటారు కూడా వెయ్యలేదు.

"జర దగ్గరకొచ్చి ముల్లు చూడుండ్రి సార్."

వంగి చూశాను. ముల్లు టక్కున జరిగింది.

"చూశావా! నే చెప్పలా? దయ్యం పట్టింది దీనికి!"

"జర ఎనుకకు జరుగుండ్రి."

జరిగాను. ముల్లు ఆగింది.

"మళ్ల చూడుండ్రి."

వంగాను. మళ్లీ జరిగింది.

"అదిగో! అదిగో!"

మూడోసారి అతను ముల్లును చూడలేదు, నా బొజ్జను చూశాడు. నేనూ కిందికి చూసుకున్నాను. టేబుల్‌ని ముందుకూ వెనక్కూ నడిపే చక్రం పిడి నా బొజ్జ కింద పడి, నేను వంగినప్పుడల్లా తిరుగుతోంది. ప్రతి గాడికీ కళ్లద్దాలు సర్దుకుని వంగి చూసేది నేనే కదా!

"నీకెప్పటి నుంచి తెలుసయ్యా?"

"మొదటి ముక్క నాడే అనుమానమొచ్చింది సార్."

"మరి చెప్పొద్దూ!"

"మీ పొట్ట సంగతి మీకెట్ల చెప్పాలె సార్?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఉద్యోగం పోతుందన్నా నోరు విప్పని మనిషిని నేను అన్న మాటలు గుర్తొచ్చాయి.

మూడో ముక్క చెక్కేటప్పుడు నన్ను గడప అవతల కూర్చోబెట్టాడు. మొదటి గాడి తిన్నగా వచ్చింది. నా మాట వెనక్కి తీసుకుందామని లోపలికి అడుగేశాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంకో గాడి ఉంది సార్, ఆడికెల్లే చెప్పుండ్రి."

మోటారు మోతలో వినబడాలిగా, గడపలో నిలబడే అరిచాను. "తప్పు నాదేనయ్యా! నువ్వెక్కడికీ పోవద్దు! లాకు ఇవాళే తెస్తా!"

ఎదురుగా టీ బండి దగ్గర గైడు చదువుతున్న కుర్రాళ్లు తలెత్తి చూశారు. అతను మాత్రం తల తిప్పలేదు.

"లాకు వచ్చేదాంక గక్కడనే ఉండుండ్రి సార్!"