ఫ్రెట్ అంటే తినీడం

మా ఇంగ్లీషు మేస్టారు పోయారని మొన్న పొద్దున్న ఫోనొచ్చింది. మందసలో నేను పాఠం చెప్పే బడికి బయల్దేరినవాణ్ణి, అట్నుంచటే కాశీబుగ్గ బస్సెక్కాను. డయాలిసిస్ మీదున్న మనిషి, ఎప్పుడో వినాల్సిన కబురే.

మేస్టారికి ఏ మాటకైనా అర్థం చెప్పి ఊరుకోవడం చేతకాదు, దాని పూర్వాశ్రమం కూడా చెప్పాలి. ‘ఫ్రెట్’ అంటే బెంగతో కుదురు లేకపోవడమని మేం రాసేసుకుంటే ఒప్పుకోలేదు.

"అది ఇప్పటి మాటర్రా. ఎనకటికి ఇంగ్లీషోళ్లకి ఫ్రెట్ అంటే తినీడం, గొడ్డు మేసినట్టు. ఆనక బట్టని చిమ్మట తిన్నా, ఇనుముని తుప్పు తిన్నా, గట్టుని ఏరు తిన్నా అదే మాట. మనసు దాకా రావడానికి శానా కాలం పట్టింది."

మా బుర్రకెక్కలేదు. అప్పుడు కొబ్బరి మొవ్వులో దూరే కొమ్ముపురుగు సంగతెత్తారు. "పైకి సెట్టు పచ్చగానే ఉంటాది. లోపల దాని పని అది సేసుకుంటాది." కొబ్బరితోటల ఉద్దానం పిల్లలం, ఇక మరిచిపోతామా! ఇప్పుడు నా క్లాసులోనూ అలాగే చెబుతున్నాను.

తర్వాత ఆయనకే కిడ్నీలు పోయాయి. మా వైపు అదేం వింత కాదు, ఎందుకొస్తోందో గట్టిగా చెప్పేవాళ్లే లేరు. రోజుకిన్నే నీళ్లని డాక్టరు కట్టడి చేశారు. చూడ్డానికొచ్చేవాళ్లు, మావాళ్లు కదా, తోటలోంచి బొండాలు దింపుకొచ్చేవారు. ఆయన ఒంటికి కొబ్బరినీళ్లు పడవని చెబితే చిన్నబుచ్చుకుంటారని, "అక్కడెట్టమ్మా, తాగుతాను" అనేవారు మేస్టారు. వాళ్లు వెళ్లాక గోడవైపు తిరిగి పడుకునేవారు.

చివరిసారి నేను వెళ్లినప్పుడు పాస్టరుగారు ప్రార్థన చేసి, "బెంగెట్టుకోకండి మేస్టారూ" అన్నారు.

ఆయన వెళ్లాక మేస్టారు నావైపు తిరిగారు. "బెంగేటి? దాహంరా. కూకోనివ్వదు, తొంగోనివ్వదు. ఫ్రెట్ అన్న మాటకి పాత అర్థమే నిజం. పాఠం సెప్పినప్పుడు నాకూ తెలీదు." మంచం పక్కనున్న వాళ్లావిణ్ణి చూపించి, "గుక్కెడు పొయ్యమనరా" అన్నారు.

డాక్టరు ఆ పూటకి తాగమన్న నీళ్లు అప్పటికే అయిపోయాయి. అమ్మగారు నావైపు చూశారు. నేను కిటికీవైపు చూశాను. పొయ్యమనలేను, వద్దనలేను. ఏం చేసుండాల్సిందో ఇప్పటికీ తెలియదు.

మొన్న భూస్థాపన అయ్యాక ఇంటికొచ్చాం. పొద్దుట్నుంచి అమ్మగారి నోట్లో ఏమీ పడలేదు. మేస్టారి చెల్లెలు గ్లాసు నిండా నీళ్లిచ్చి, "తాగొదినా" అంది. అమ్మగారు గ్లాసుకి కొంగు అడ్డం పెట్టుకుని లేచి, పెరటివైపు నడిచారు.

"ఎక్కడికొదినా?"

"మీ అన్న సూత్తారు" అన్నారు అమ్మగారు. తలుపు చాటున నిలబడి, చప్పుడు కాకుండా తాగారు.