వానసూరి, తాడుకున్న ముడులు

అప్పలసూరికి రిజర్వాయరంటే సొంత ఆస్తి కింద లెక్క. ఆనందపురం అవతల కొండల నడుమ ఉన్న ఆ నీళ్లకు కాపలా, పడవ, గేట్ల తాళాలు అన్నీ ఆయనవే. ఇరవై ఆరేళ్ల నౌకరీ. విశాఖలో కాపురముంటున్న కూతురు సత్యశ్రీ ఇంట్లో కొళాయి తిప్పినా "నా నీళ్లు" అనేవాడు. అయితే ఆ కొండలు కూడా మీవేనా అని భార్య రామలక్ష్మమ్మ ఆటపట్టించేది. అవును మరి, అనేవాడు సిగ్గులేకుండా.

ప్రతి మంగళవారం పడవ మీద నడిమధ్యకు వెళ్లి, తెలుపూ నలుపూ వేసిన రేకు బిళ్లను తాడు కట్టి నీళ్లలోకి దించడం ఆయన పని. బిళ్ల కంటికి ఆనకుండా పోయేసరికి తాడుకున్న ముడులు ఎన్ని మునిగితే నీరు అంత తేట అన్నమాట. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏడు ముడులు దిగేవి. ఈ మధ్య రెండో ముడికే బిళ్ల మాయమైపోతోంది. పెద్ద వాన పడ్డ పది, పన్నెండు రోజులకల్లా నీళ్ల మీద పచ్చటి పొర తేలుతోంది. కిందటేడు సత్యశ్రీ ఫోన్ చేసి, నాన్నా, నీ నీళ్లు మట్టి కంపు కొడుతున్నాయని చెప్పింది. ఆ పూట ఆయనకు అన్నం సహించలేదు.

నీళ్లు పరీక్ష చేసే కెమిస్టు యశస్విని వయసులో చిన్నదే గానీ ఓపిక గల పిల్ల. ఒకరోజు ఆయన్ని కూర్చోబెట్టి సంగతి విడమరిచింది. మొక్కకు బలమిచ్చే ఎరువే నీళ్లలో నాచుకీ బలం. పైపొలాల యూరియా, డీఏపీ కొండవాగు గెడ్డలో కొట్టుకొచ్చి రిజర్వాయరులో పడుతున్నాయి. వాన పడితే కొంత రావడం సహజమే, ఇంత ఎందుకు వస్తోందో తెలియడం లేదంది. పైఊళ్లలో ఎరువు ఎప్పుడు వేస్తారో కనుక్కోమని, నీళ్లు చెడిన తేదీలు రాసిన కాగితం ఆయన చేతిలో పెట్టింది.

కనుక్కోవలసిన పని లేకపోయింది. ఆ తేదీలన్నీ తాను ఊరికి ఫోన్ చేసిన రోజుల వెనకాలే ఉన్నాయి.

గెడ్డకు ఎగువన బంతి, చామంతి తోటలు వేసేది ఆయన పుట్టిన ఊరే. అత్తవారూ అక్కడే. గేట్లు చూసుకోవాలి కాబట్టి పెద్ద వాన హెచ్చరిక ముందుగా రిజర్వాయరు ఆఫీసుకే వస్తుంది. రాగానే అప్పలసూరి తన భార్య అన్న శ్రీరామ్మూర్తికి ఫోన్ కొట్టేవాడు. అంతే, ఊరు ఊరంతా బస్తాలు విప్పి యూరియా చల్లేసేది. వాన తడికి కరిగి భూమిలో దిగుతుందని, నీళ్లు కట్టే బాధ తప్పుతుందని వాళ్ల నమ్మకం. చిన్న జల్లుకైతే దిగుతుంది. గేట్లెత్తే వానకు తిన్నగా గెడ్డలోకి పోతుంది. ఆయన చెప్పేవన్నీ గేట్లెత్తే వానలే.

ఊరికి ఇంత ఉపకారం చేస్తున్నానని ఎంత మురిసిపోయేవాడో పాపం. ఊళ్లో ఆయన్ని వానసూరి అనేవారు. పెళ్లిళ్లకు వెళ్తే ముందు వరసలో కుర్చీ వేసేవారు. ఇప్పుడు నిజం చెబితే ఆ పేరూ పోతుంది, ఆ కుర్చీ కూడా పోతుంది. తెలీదమ్మా అని కాగితం తిరిగి ఇచ్చేస్తే అడిగేవాడు లేడు. అయినా ఉన్నదున్నట్టు చెప్పేశాడు. యశస్విని కసురుకోలేదు. మీరు ఫోన్ చేస్తే వేసినవాళ్లు మీరు చెబితే ఆగరా అని మాత్రం అడిగింది.

దసరాకు పది రోజులుందనగా మళ్లీ హెచ్చరిక వచ్చింది. ఈసారి ఫోన్ ముట్టుకోకుండా బస్సెక్కి ఊరికి వెళ్లాడు. పూలు కోతకొచ్చే ముందు చివరి మోతాదు వేయాలని శ్రీరామ్మూర్తి అరుగు మీద బస్తాలు పేర్చుకుని ఉన్నాడు. నలుగురు రైతులూ అక్కడే ఉన్నారు. వద్దన్న మాట వినగానే శ్రీరామ్మూర్తికి చిర్రెత్తుకొచ్చింది.

"ఇన్నేల్లూ వాన వత్తంది, యెయ్యండన్నావు. ఇప్పుడు వద్దంతన్నావు. మాకంటే టౌనోల్ల కొళాయిలు ఎక్కువైపోనాయేటి?"

"తప్పు నాదే బావా. నాను ఫోన్ సేసినప్పుడల్లా మీ యూరియా కొట్టుకొచ్చీసింది. మీ మొక్కలకీ అందలేదు, నా నీల్లూ పాడైపోనాయి. ఈ ఒక్కసారీ వాన యెలిసీదాకా ఆగండి."

టీ తాగి వెళ్లమని ఎవరూ అనలేదు. అప్పలసూరి వచ్చిన బస్సులోనే తిరిగొచ్చేశాడు.

రెండు రోజులు ఒకటే వాన. గేటు దగ్గర గొడుగు పట్టుకుని, ఎర్రగా దిగుతున్న గెడ్డ నీళ్లను చూస్తూ నిలబడ్డాడు. ఆ నీళ్లలో ఏం కలిసి వస్తోందో చూస్తే తెలిసేది కాదు. మూడో రోజు పొద్దున ఫోన్ మోగింది.

"సూరీ, మావేపు వాన యెలిసింది. ఊల్లో ఒక్క బస్తా ఇప్పలేదు. నువ్వు సెప్పీదాకా ఇప్పొద్దనీసినాను. ఇప్పుడు యెయ్యమంతావా?"

అప్పలసూరి ఇవాళ కాదు, మడిలో నీరు లాగాక మొక్క మొదట్లో పెట్టి మట్టి కప్పమని చెప్పి, కళ్లు తుడుచుకున్నాడు.

పన్నెండో రోజుకు పచ్చటి పొర రాలేదు. ఆ తర్వాతి మంగళవారం మూడో ముడి తడిసింది. అడుగున పేరుకున్న పాత ఎరువు పోవడానికి ఏళ్లు పడుతుందని యశస్విని ముందే చెప్పింది. పడితే పడనీ అనుకున్నాడు.

ఇప్పుడు ప్రతి మంగళవారం ఆయన పడవ దిగేసరికి శ్రీరామ్మూర్తి ఫోన్ వస్తుంది. యోగక్షేమాలేవీ ఉండవు.

"మన నీల్లు ఎన్ని ముడులున్నాయి సూరీ?" అని అడుగుతాడు.