గంధం రంగు మందారం

ఆత్మకూరులో లిదియమ్మను ఎరగని వాళ్ళు లేరని రాస్తే అబద్ధమవుతుంది. బస్టాండు వైపు చాలామందికి ఆమె ఎవరో తెలియదు. ఆడపిల్లల హాస్టల్లో ఆయా. యాభై ఐదేళ్ళుంటాయేమో, కచ్చితంగా ఎన్నో ఆమెకే తెలియదు. పొట్టి మనిషి, చేతి గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఎర్రమట్టి. ఆదివారం తెల్లచీర కట్టి చర్చికి బయలుదేరినా ఆ మట్టి మాత్రం పోయేది కాదు. పాస్టరుగారు చేయి చాపితే ముందు తన చేతిని కొంగుతో తుడుచుకునేది.

ఆమె గురించి రాసే హక్కు నాకుందో లేదో తెలియదు. రాయకపోతే అది ఇంకో తప్పవుతుంది. చేసినవి చాలు.

1993లో టీచరుగా బదిలీ మీద ఆ ఊరు వచ్చి, ఆమె ఇంటికి మూడిళ్ళ అవతల అద్దెకు దిగాను. నెల్లూరు నుంచి తెచ్చుకున్న రెండు క్రోటన్ కుండీలు వాకిట్లో పెట్టుకున్నాను. నాలుగో రోజు ఆమె గేటు దగ్గర ఆగి, పలకరింపు కూడా లేకుండా, "టీచరమ్మా, ఈ మట్టి ఇటికరాయి మాదిరి ఉండాది. దానికి ఊపిరెట్టా ఆడతాది?" అంది. నాకు ఒళ్ళు మండింది. నా మొక్క, నా మట్టి, మధ్యలో నీకేమిటి అనుకున్నాను. సాయంత్రం ఆమె బక్కెట్టు నిండా మట్టి తెచ్చి, నన్ను అడగనైనా అడక్కుండా క్రోటన్లను పెరికి మళ్ళీ నాటింది. పది రోజుల్లో రెండూ చిగుళ్ళు వేశాయి. కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక స్నేహం చేశాను.

అప్పటికే ఆమెకు మస్తానమ్మ జత. మా వీధి చివర మేకలు పెంచుకుంటూ బతికేది. మొగుడు పోయాక పన్నెండు మేకలే ఆమె సంసారం. నేను కలిశాక ముగ్గురమయ్యాం. నాకు బడి సెలవు కాబట్టి రెండో శనివారం ఖాయం చేసుకున్నాం. నెలకొకరి వాకిట్లో కూర్చునేవాళ్ళం. చెరువుకట్ట కింది ఎర్రమట్టి, సంగం నుంచి ట్రాక్టర్లలో వచ్చే ఏటి ఇసుక, మస్తానమ్మ గంపలో తెచ్చే మాగిన మేకల ఎరువు. మూడూ కలిపి జల్లెడ పట్టి డాల్డా డబ్బాల్లో, అడుగున చిల్లులు పొడిచిన పాలకవర్లలో, ఓటికుండల్లో నింపేవాళ్ళం. బంతి విత్తనాలు, చామంతి పిలకలు, మల్లె కొమ్మలు ఏవి దొరికితే అవి నాటేవాళ్ళం. చేతులు పనిలో ఉంటే మస్తానమ్మ నోరు ఊరంతా తిరిగొచ్చేది. "ఒసే, విత్తనం లోతుకి పోయినాది. నోరు మూసి చెయ్యి చూసుకో" అని లిదియమ్మ కసిరేది. మస్తానమ్మ ఒక్క నిమిషం ఆగి మళ్ళీ మొదలుపెట్టేది.

లిదియమ్మ పెట్టిన నియమం ఒకటుండేది. ఎవరు నాటిన డబ్బా వాళ్ళు ఇంటికి తీసుకుపోకూడదు, పక్కవాళ్ళకివ్వాలి. "నీది నీ కాడే ఉంటే పాడు చేసినా అడిగేవాళ్ళుండరు. ఒకరు నాటిందయితే భయపడి నీళ్ళు పోస్తావు" అనేది. ఆ మొక్క బతికి కొమ్మలేస్తే, అందులోంచి ఒక కొమ్మ మిగతా ఇద్దరికీ ఇవ్వాలి. నాకు ఆ నియమం మొదట్లో చాదస్తంగా తోచింది. తర్వాత అలవాటైంది.

ఆమె ఇంటి ముందు ఒక మందారం ఉండేది. ముద్ద మందారం, గంధం రంగు, నడిమధ్య ఎర్రటి మరక. ఆ రంగు మందారం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఆమె భర్త ఆదెయ్య ఉదయగిరిలో ఒక బంగళాలో తోటమాలిగా చేసేవాడు. బంగళా మూతపడి తోటంతా చదును చేసేరోజు, ఆయన ఒక్క కొమ్మను తడిగుడ్డలో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడట. రెండేళ్ళకు ఆయన పోయాడు. మొక్క మిగిలింది. ఆమె దాన్ని కొయ్యనిచ్చేది కాదు. పువ్వు రాలితే తీసి బైబిల్లో పెట్టుకునేది.

1995 అక్టోబరులో, మంచి వాన పడిన వారానికి, ఆమే కత్తి పట్టుకుని మూడు కొమ్మలు కోసింది. "ఒక్కచోటే ఉంటే ఒక్క దెబ్బతో పోతాది. మూడిళ్ళలో ఉండనీయండి" అంది. ఆదెయ్య పోయాక ఆ మాట అనడానికి ఆమెకు ఆరేళ్ళు పట్టింది. ముగ్గురం తలా ఒకటి నాటి, నియమం ప్రకారం మార్చుకున్నాం. నాకు వచ్చింది మస్తానమ్మ చేత్తో నాటింది.

ఆ జాతికి వేరు పట్టడం కష్టం. నెలలోపే లిదియమ్మ డబ్బాలోది ఎండింది, మస్తానమ్మ ఇంట్లోది కుళ్ళింది. నా దాంట్లో రెండు చిగుళ్ళు కనిపించాయి.

డిసెంబరు రెండో శనివారం లిదియమ్మ అడిగింది. "నీదెట్టా ఉండాది టీచరమ్మా?"

"పోయిందక్కా" అన్నాను.

పూశాక ఒకేసారి చూపించి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను, అందుకే అన్నాను. చాలా కాలం నాకు నేను ఇలాగే చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. చిగుళ్ళున్నాయని చెబితే అప్పుడే కోసి పంచాలి. ఆ ఊళ్ళో నాకొక్కదానికే ఉన్న వస్తువు ఒక్కటైనా ఉండాలని బుద్ధి పుట్టింది. ఎంఏ చదివిన దాన్ని, పిల్లలకు నీతి పాఠాలు చెప్పేదాన్ని, మొక్క దగ్గర దొంగనయ్యాను.

కుండీని పెరట్లో స్నానాలగది వెనక పెట్టాను. నా వంతు వచ్చినప్పుడల్లా ఏదో వంక చెప్పి వాళ్ళ వాకిళ్ళకే వెళ్ళేదాన్ని. ఫిబ్రవరిలో మొదటి పువ్వు పూసింది. పొద్దున్నే వెళ్ళి చూశాను. ఎవరికీ చూపించలేని పువ్వును ఎంతసేపు చూస్తాం? పళ్ళు తోముకుని బడికి వెళ్ళిపోయాను.

మే నెలలో బావులెండిపోయాయి. లిదియమ్మ చెల్లెలికి ఒంట్లో బాగాలేక వారం రోజులు ఉదయగిరి వెళుతూ, మందారానికి నీళ్ళు పొయ్యమని మస్తానమ్మకు చెప్పింది. మస్తానమ్మ ఎక్కడెక్కడో తిరిగి బిందెడు తెచ్చి రోజూ పోసింది. అయిదో రోజు నీళ్ళు పోసి వస్తూ లిదియమ్మ వాకిటి తడిక వెయ్యడం మరిచిపోయింది. ఆమె మేకలే దూరాయి. ఆకు, చిగురు, చివరికి కాండం మీది తోలు కూడా వదల్లేదు. మిగిలిన మోడు వారంలో ఎండిపోయింది.

ఊరి నుంచి వచ్చిన లిదియమ్మ మోడు దగ్గర కాసేపు నిలబడింది. మస్తానమ్మ కాళ్ళమీద పడబోతే లేపి, "మేకకేం తెలుసే, ఆకలయితే తింటాది" అంది. మస్తానమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను పక్కనే ఉన్నాను. అప్పుడు ఒక్క మాట చెబితే సరిపోయేది.

నాలుగు రోజుల తర్వాత లిదియమ్మ మా ఇంటికి వచ్చింది. "టీచరమ్మా, నీ కాడ చచ్చిన కొమ్మ ఉండే మట్టి పారబోసినావా? ఒక్కోసారి పైన ఎండినా అడుగున వేరు బతికుంటాది" అంది. వాకిట్లో ఏదో పాతమట్టి కుప్ప చూపించాను. ఆమె చతికిలబడి ఆ కుప్పంతా వేళ్ళతో చిదుముతూ వెతికింది. వెనక పెరట్లో, ముప్పై అడుగుల దూరంలో, మందారం మొగ్గలేసి ఉంది. నేను ఆమెకు మజ్జిగ తెచ్చిచ్చాను. "నీకు శ్రమ ఇచ్చినానమ్మా" అని తాగి వెళ్ళింది. ఆ గ్లాసు కడుగుతుంటే నామీద నాకే అసహ్యం వేసింది.

జూన్‌లో మస్తానమ్మ మేకలన్నిటినీ అమ్మేసింది. సంగం వైపు నాట్లకు, కలుపులకు కూలికి పోసాగింది. శనివారాలకు రావడం మానేసింది. కరువు కదా, మేత లేక అమ్ముకుంది అనుకున్నాను. అలా అనుకోవడం నాకు వీలుగా ఉంది.

అక్టోబరులో వాన పడగానే ఒక తెలివైన పని చేశాను. పెరట్లోని మందారం కొమ్మ కోసి శనివారం తీసుకెళ్ళి, కలువాయిలో తెలిసినవాళ్ళు ఇచ్చిన ఎర్రమందారం అని చెప్పి, లిదియమ్మ ముందే నాటి, నియమం ప్రకారం ఆమె చేతికిచ్చాను. పూసినప్పుడు తనే చూసుకుంటుంది, కలువాయి వాళ్ళెవరో పొరపాటున ఇచ్చారనుకుంటుంది, నా పరువు నాకుంటుంది. నెల గడిచాక, కొమ్మ చిగురేసిందా అని అడిగాను.

"బాగా వేసినాదమ్మా. వింజమూరు బస్సు కండక్టరు వాళ్ళమ్మకి పూలమొక్క కావాలన్నాడు, ఇచ్చేసినాను. ఎర్రమందారాలు హాస్టల్లో బోలెడు ఉండాయి గదా" అంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఆదివారం. పెరట్లోంచి కుండీ ఎత్తుకుని, రెండు పువ్వులతో సహా, వీధిలోంచే నడిచి వెళ్ళాను.

లిదియమ్మ అప్పుడే చర్చి నుంచి వచ్చి తెల్లచీరతోనే చేటలో బియ్యం ఏరుకుంటోంది. కుండీని ఆమె ముందు దించాను. ఆమె నా వైపు చూడలేదు. పువ్వు కింద అరచెయ్యి పెట్టి, బరువు చూస్తున్నట్టు కొంచెం పైకెత్తింది.

"ఇది మొదట ఎప్పుడు పూసినాది?"

"ఫిబ్రవరిలో."

"అయితే నేను మీ వాకిట్లో మట్టి కెలికిన రోజు ఉండాది."

"ఉంది. వెనక పెరట్లో. నువ్విచ్చిందేనక్కా, చావలేదు. నేనే దాచుకున్నాను."

చేటలో రాళ్ళు రెండు ఏరి పారేసింది. నేను ఏడుస్తున్నాను. "నన్ను తిట్టక్కా" అన్నాను.

"తిడితే నీకు బాగుంటాది. నాకేం?" అని చేట పక్కన పెట్టి లేచింది. "దాన్ని ఎత్తుకో. మస్తానమ్మ కాడికి పోవాల."

"ఆమె దగ్గరికెందుకు?"

ఆ ప్రశ్న అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆమె మొదటిసారి నా మొహంలోకి చూసింది. "మేకల్ని ఎందుకు అమ్మినాదనుకున్నావు? మేత లేకనా? వాటి మొహం చూస్తే కూడు పోవడంలేదని నా కాడికొచ్చి ఏడ్చినాది. ఎంత చెప్పినా వినలా."

మస్తానమ్మ అరుగు మీద కూర్చుని, బురదలో నాని పాసిన కాలివేళ్ళకు పసుపు రాసుకుంటోంది. వెనక దొడ్డి ఖాళీగా ఉంది. గూటాలకు పలుపుతాళ్ళు అలాగే వేలాడుతున్నాయి. నేను నిలబడే అంతా చెప్పాను, ఏదీ దాచలేదు. ఆమె నా మాటలు విన్నదో లేదో, కుండీనే చూస్తూ కూర్చుంది.

"ఇది నేను నాటిందే గదా?" అంది చివరికి.

"నువ్వు నాటిందే."

"చావలా అయితే."

ఊరి సంగతులన్నీ చెప్పే ఆ నోరు అలా ఊరుకోవడం నేను అంతకుముందు చూడలేదు. లిదియమ్మ కొమ్మ ఒకటి కోసి నా చేతిలో పెట్టి, "మస్తానమ్మకి నువ్వు నాటియ్యి" అంది. డబ్బా ఒకటి దొరికింది, మట్టి దొరికింది. ఎరువు కోసం వెతుక్కుంటుంటే మస్తానమ్మ తనే కుంటుకుంటూ దొడ్డిలోకి వెళ్ళి, మూలన నేలకు అంటుకుపోయిన పాత పెంటికలను చిల్లపెంకుతో గీకి, దోసెడు తెచ్చి పోసింది. ఆ దొడ్డిలో అదే ఆఖరు.

నేను వేలితో గుంట చేసి, రెండు కణుపులు లోపలికి పోయేలా కొమ్మ గుచ్చాను.

"ఎక్కడ పెట్టమంటావు మస్తానమ్మా, తడిక లోపలా?" అని అడిగాను.

"యాడన్నా పెట్టమ్మా" అంది మామూలు గొంతుతోనే. "ఇప్పుడు దాన్ని తినేదానికి మేకలు యాడుండాయి?"

నేను తల వంచుకుని కొమ్మ చుట్టూ మట్టి అదిమాను.